గింజకు పూసిన మందు పేరు మన భాషలో ఎందుకు లేదు?



సబ్సిడీ మీద వచ్చే కంది, బొబ్బర, ఉలవ విత్తనాల సంచి విప్పితే కొన్నిసార్లు గింజలు ఎర్రగానో నీలంగానో కనబడతాయి. అది గింజ రంగు కాదు. తెగులు రాకుండా థైరామ్, కార్బెండజిమ్ లాంటి శిలీంద్రనాశిని పూశారని చెప్పే గుర్తు. తినొద్దని ఆ రంగు చెప్తోంది. ఆ సంగతి మన ఊళ్లల్లో ఎంతమందికి ఎవరు చెప్పారు?

మందు పూసిన విత్తనం మీద ఆ మందు పేరు, తిండికీ మేతకీ నూనెకీ వాడొద్దన్న హెచ్చరిక ఉండాలని 1968 నాటి విత్తన నిబంధనలే చెప్తున్నాయి. లేబుల్ ఉంటది కూడా. చిన్న అక్షరాల్లో, చాలాసార్లు ఇంగ్లిషులో. పైగా ఒక సంచిని నాలుగిళ్లు పంచుకుంటాం. లేబుల్ ఒక ఇంటికి పోతది, గింజలు నాలుగిళ్లకు పోతయి. విత్తగా మిగిలిన సోలెడు బొబ్బర్లు వానాకాలం ఆకలి రోజుల్లో ఊరికే ఉంటాయా? అమ్మ కడిగి పొయ్యి మీద పెడతది. కడిగితే రంగు పోతది గానీ, కార్బెండజిమ్ గింజ లోపలికి పోయే మందు.

1971-72లో ఇరాక్‌లో ఇలాగే జరిగింది. పాదరసం మందు పూసిన గోధుమ, బార్లీ విత్తనాలు బయటి దేశాల నుంచి తెచ్చి పల్లెల్లో పంచారు. సంచుల మీద హెచ్చరిక ఇంగ్లిషులో, స్పానిష్‌లో ఉంది. చదివేవాళ్లు లేరు. రంగు కడిగేసి రొట్టెలు చేసుకున్నారు. ప్రభుత్వ లెక్కలోనే 6,530 మంది ఆసుపత్రుల్లో చేరారు, 459 మంది చనిపోయారు. ఇప్పుడు మనకొచ్చేవి పాదరసం మందులు కావు, అంత విషమూ కాదు. కానీ అర్థంకాని భాషలో రాసిన హెచ్చరికను హెచ్చరిక అంటామా?

అలాగని మందే వద్దు, పాత పద్ధతే చాలు అనే మాట నేను ఒప్పుకోను. బూడిద కలిపి దాస్తే పుచ్చు పురుగు తగ్గుతది, నిజమే. గింజ లోపల దాక్కున్న తెగులును బూడిద ఆపలేదు. చిక్కుడు కాయ మీద వచ్చే మచ్చ తెగులు గింజతో పాటే దాగి వచ్చే ఏడు మళ్లీ లేస్తది. అందుకే మచ్చలున్న కాయల్ని విత్తనానికి ఉంచకూడదు.

మందుతో ఇంకో చిక్కుంది. పప్పు మొక్కల వేళ్లకు బుడిపెలుంటాయి కదా, వాటిలోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తది. ఎరువు కొనలేని మన కొండ భూములకు అదే బలం. మందునూ రైజోబియం పొడినీ ఒకేసారి కలిపేస్తే బాక్టీరియా దెబ్బతింటది. ముందు మందు పట్టించి, ఆరాక, విత్తే ముందు రైజోబియం కలపాలి. లేదా మందు బదులు ట్రైకోడెర్మా వాడొచ్చు, అది తెగులును అణిచే మేలైన బూజు. ఇవన్నీ వ్యవసాయ పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి. కొండ మీదికే రావట్లేదు.

వ్యవసాయ శాఖను, ఐటీడీఏను మనం అడగాల్సింది ఇదీ. హెచ్చరిక బొమ్మలతో, తెలుగులో, కోయ, కువి లాంటి మన భాషల్లో ఉండాలి. పంచే రోజే నోటితో చెప్పాలి. కలిపేది ఎక్కువగా ఆడవాళ్లే, గ్లౌజులు విత్తనంతో పాటే ఇవ్వాలి. మందు లేని విత్తనం, ట్రైకోడెర్మా కావాలన్న ఇంటికి అవి దొరకాలి. సొంత విత్తనం దాచుకునే, మార్చుకునే హక్కు 2001 చట్టం రైతుకు ఇచ్చింది. మరి మన ఊరి ఉలవలకు సబ్సిడీ ఎందుకు లేదు?

అడిగేటప్పుడు చేతిలో లెక్క ఉండాలి. కోయ ఊళ్లల్లో విజ్జ పండుంకి ముందే యువకులు ఇంటింటి నుంచి 100 గింజలు తీసుకుని తడి గోనెలో చుట్టి వారం తర్వాత మొలకలు లెక్కపెట్టండి. కంది, బొబ్బర లాంటి వాటికి సర్టిఫైడ్ విత్తనంలో 75 మొలిస్తే చాలు. మన గింజ ఎంత మొలిచిందో రాసి, ఆ కాగితం గ్రామసభలో పెట్టండి.