తాళం వేసిన ఇంట్లో యంత్రాలు



ఏడాదిలో కొన్ని నెలలు తాళం పడి ఉండే ఇళ్ళు ఇప్పుడు మన ఊళ్ళలో చాలా ఉన్నాయి. కోనసీమ నుంచి, కడప జిల్లా నుంచి కువైట్‌కు, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి దుబాయికి పని కోసం వెళ్ళేవారున్నారు. కూతురి పురిటికి అమెరికా వెళ్ళి ఆరు నెలలు ఉండి వచ్చే తల్లిదండ్రులున్నారు. బయలుదేరే ముందు నగలు, పొలం కాగితాలు, బియ్యం డబ్బాలు జాగ్రత్త చేసుకుంటాం. టీవీకి, ఫ్రిజ్‌కు మాత్రం స్విచ్చి ఆపి, పైన ఒక దుప్పటి కప్పి వెళ్ళిపోతాం. వాడని వస్తువు ఎందుకు పాడవుతుందిలే అనుకుంటాం గదా! చెమటోడ్చి కూడబెట్టిన డబ్బుతో కొన్న వస్తువులవి. అందుకే ఈ నెల వాటి సంగతి మాట్లాడుకుందాం.

పనిచేసే టీవీకి, రేడియోకి తమ వేడే కాపలా. ఆ వేడికి లోపల చేరిన చెమ్మ ఆరిపోతుంది. ఆపి ఉంచితే ఆ కాపలా పోతుంది. అప్పుడు వాటికి ముగ్గురు శత్రువులు: చెమ్మ, లోపల మరచిపోయిన బ్యాటరీ, ఎలుక. ఈ ముగ్గురినీ దృష్టిలో పెట్టుకుంటే మిగతాదంతా తేలిక.

చెమ్మ

ముందుగా ప్రతి వస్తువునూ తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. ఫ్రిజ్‌ను ప్రయాణానికి రెండు రోజుల ముందే ఆపండి. మంచు కరిగాక, గోరువెచ్చని నీళ్ళలో తినే సోడా కలిపి లోపలంతా తుడవండి. వెనుక కింది భాగంలో నీళ్ళు పట్టే పళ్ళెం ఉంటే దానిని కూడా ఖాళీ చేయాలి. ఒక రోజు తలుపు తెరిచి ఆరబెట్టి, తరువాత రెండు వేళ్ళ సందు ఉండేలా మడతపెట్టిన గుడ్డ అడ్డం పెట్టండి. గట్టిగా మూస్తే లోపల బూజు పట్టి, తెరిచిన రోజు ఆ వాసన భరించలేం. ఫ్రిజ్ వరండాలో ఉంటే, పిల్లలు దాగుడుమూతలాడుతూ లోపల దూరకుండా ఆ సందుకు మించి తలుపు రాకుండా తాడు కట్టండి. ఇది చిన్న విషయం కాదు, ప్రాణాలతో పని.

వాషింగ్ మెషీన్‌కు కుళాయి కట్టేసి, గొట్టం ఊడదీసి అందులోని నీళ్ళు ఒంపేయాలి. మూత తెరిచే ఉంచండి. మిక్సీ జార్లు, వాటి రబ్బరు వాషర్లు, గ్రైండరు రాళ్ళు ఎండలో ఆరనివ్వండి. టీవీకి కరెంటు తీగతో పాటు డిష్షు తీగ కూడా ఊడదీయాలి, పిడుగు ఆ తీగ వెంటే లోపలికి వస్తుంది. పలచటి టీవీని నిలబెట్టే ఉంచండి. పడుకోబెట్టినా, పైన బరువు పెట్టినా తెర పగలవచ్చు.

ప్లాస్టిక్ కాగితం బిగించి చుట్టకండి, లోపలి చెమ్మకు బయటికి దారి ఉండదు. పాత నూలు చీర చాలు. చిన్న వస్తువులను మూత బిగువుగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి, చెప్పుల పెట్టెల్లో, మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేయండి. అవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. పిల్లల చేతికి అందనివ్వకండి. కొందరు బియ్యంలో పెడతారు. బియ్యపు పొడి సందుల్లో చేరుతుంది, ఆ వాసనకు పురుగులు, ఎలుకలు వస్తాయి.

రేకుల కప్పు కింద అటక మీద పెట్టవద్దు, వేసవిలో ఆ వేడికి బ్యాటరీలు త్వరగా పోతాయి. నేల మీదా వద్దు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో ఇళ్ళు మునిగాయి. అంత వరదకు బల్ల అడ్డం కాదు గాని, ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళు వచ్చినప్పుడు ఎత్తయిన బల్ల మీది వస్తువు దక్కుతుంది. నీళ్ళలో తడిసిన యంత్రాన్ని ఎలక్ట్రీషియన్ చూడకుండా ప్లగ్గులో పెట్టకూడదు.

బ్యాటరీ

రిమోట్, గోడ గడియారం, టార్చి, పిల్లల బొమ్మలు, బీపీ చూసే మిషను, వీటన్నిటిలోని సెల్లులు తీసేయండి. మామూలు సెల్లుకు జింకు డబ్బాయే ఒక కొస. సెల్లు ఖర్చయ్యేకొద్దీ ఆ డబ్బా తినుకుపోయి, లోపలి రసం కారి స్ప్రింగులను తినేస్తుంది. పది రూపాయల సెల్లు వెయ్యి రూపాయల వస్తువును పాడుచేయడం అలాగే జరుగుతుంది.

సెల్‌ఫోను, ల్యాప్‌టాప్ బ్యాటరీల లెక్క వేరు. వాటిని నిండుగానూ, ఖాళీగానూ దాచకూడదు. సగం, అంటే యాభై శాతం ఛార్జింగు ఉంచి, పూర్తిగా ఆపి పెట్టాలి. ఆరు నెలలకొకసారి మళ్ళీ సగానికి ఎక్కించాలి. బ్యాటరీ ఉబ్బిన ఫోనును మాత్రం దాచవద్దు. నొక్కకండి, గుచ్చకండి, చెత్తలో గాని మంటలో గాని వేయకండి. బాగుచేసే దుకాణంలో అప్పగించండి.

ఇన్వర్టర్ బ్యాటరీ దీనికి సరిగ్గా ఎదురు. అది సీసంతో చేసింది, నిండుగా ఉంటేనే బతుకుతుంది. ఖాళీగా వదిలేస్తే పలకల మీద గట్టి పొర పేరుకుని, తరువాత ఎంత ఎక్కించినా పట్టదు. వెళ్ళేముందు పూర్తిగా ఛార్జింగు చేసి, గుర్తు వరకు డిస్టిల్డ్ వాటరు పోసి, ఇన్వర్టరు ఆపి తీగలు విప్పించండి. కుళాయి నీళ్ళు పోయకూడదు. దగ్గర దీపం వెలిగించకూడదు. రెండు నెలలకొకసారి ఎవరిచేతనైనా మళ్ళీ ఛార్జింగు పెట్టించాలి.

ఎలుక

తీగల పైతొడుగును కొరకడం దానికి అలవాటు. తీగలన్నీ చుట్టి డబ్బాలో పెట్టండి. తూము నోటికి, కిటికీ సందులకు ఇనుప జల్లెడ కొట్టించండి. వంటింట్లో ఒక్క గింజ కూడా మిగల్చవద్దు. కలరా ఉండలు వస్తువులకు ఆనించి పెట్టకండి, వాటి ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడుతుంది. చివరగా మెయిన్ స్విచ్ ఆపి బయలుదేరండి.

డబ్బుతో రానివి

టీవీ పోతే మరొకటి కొనుక్కుంటాం. పాత ఫోనులో ఉండిపోయిన అమ్మగారి గొంతు, క్యాసెట్టులో తాతగారు పాడిన పాట పోతే ఎక్కడ కొంటాం? ప్రయాణానికి ముందే ఆ ఫోటోలు, గొంతులు రెండు చోట్లకు ఎక్కించి, ఒకటి బంధువుల ఇంట్లో ఉంచండి. పెన్‌డ్రైవ్ ఒక్కదానినే నమ్ముకోవద్దు, అది కూడా ఏళ్ళ తరబడి పక్కన పడి ఉంటే లోపలిది చెరిగిపోవచ్చు. క్యాసెట్లను పెట్టెలో నిలువుగా, స్పీకర్లకు దూరంగా ఉంచాలి. స్పీకరులోని అయస్కాంతం రికార్డును చెరిపేస్తుంది.

మన మందిరాల్లో పండుగకు, సభలకు మాత్రమే బయటికి తీసే ఆంప్లిఫైయరుకు, కీబోర్డుకు కూడా ఇవే జాగ్రత్తలు. కార్డ్‌లెస్ మైకులో సెల్లులు వదలవద్దు. రెండు మూడు నెలలకొకసారి ఒక గంట ఆన్ చేసి ఉంచితే లోపలి చెమ్మ ఆరుతుంది.

తాళంచెవి ఎవరికి?

ఎంత సర్దినా, నెలకొకసారి తలుపు తీసేవారు లేకపోతే ఇల్లు నిలవదు. నమ్మకమైన పొరుగింటివారికి తాళంచెవి ఇచ్చి, ఎండకాసే రోజున గంటసేపు కిటికీలు తీయమనండి. కప్పు కారుతున్నదా, ఎలుక పెంటికలు ఉన్నాయా చూడమనండి. ఏ వస్తువు ఎక్కడ ఉందో, ఏ తీగ దేనిదో కాగితం మీద రాసి బీరువా తలుపుకు లోపల అంటించండి. తిరిగి వచ్చిన రోజే అన్నీ ఆన్ చేయవద్దు. ఇంటికి ఒక రోజు గాలి తగలనిచ్చి, తీగలు చూసుకుని, ఒక్కొక్కటే పెట్టండి. పడుకోబెట్టి తెచ్చిన ఫ్రిజ్ అయితే ఒక రోజు నిలబెట్టి ఉంచి, ఆ తరువాతే ఆన్ చేయాలి.

ఇంకొక మాట. మీ తమ్ముడి ఇంట్లోనో, చెల్లెలి ఇంట్లోనో ఫ్రిజ్ లేకపోతే, మీరు వచ్చేవరకు వాడుకోమని ఇచ్చి వెళ్ళండి. చీకటి గదిలో ఉన్నదానికంటే అక్కడ దానికి క్షేమం. వాళ్ళ పిల్లలు ఆ వేసవంతా చల్లని నీళ్ళు తాగుతారు.