చెవికి పాట - చేతికి పని

సెలవునాడు "ఏమీ తోచడం లేదు" అనే మాట చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. టీవీ గానీ సెల్‌ఫోన్ గానీ లేకపోతే పొద్దు గడవదని పిల్లలే కాదు, పెద్దలూ అనుకుంటున్నారు. నిజానికి తోచకపోవడానికి కారణం వస్తువులు లేకపోవడం కాదు. చెవిని, చేతిని వాడుకోవడం మరచిపోవడం.

తెల్లవారగానే పెరట్లో పావుగంట ఊరికే కూర్చుంటే ఎన్నో సంగతులు తెలుస్తాయి. నల్లని జుట్టు, తోక కింద ఎరుపు ఉన్నది పికిలిపిట్ట. వేసవిలో చెట్టుకొమ్మల్లో దాగి 'కుహూ' అనేది కోకిల. దానిని కోకిలమ్మ అని పిలుస్తారు గాని, అలా పాడేది మగపక్షి. ఒంటినిండా చుక్కలున్న ఆడకోకిల 'కిక్ కిక్' అని మాత్రమే అరుస్తుంది. ఈ తేడా పుస్తకంలో చదివినదానికంటే చెవితో విన్నప్పుడే బాగా గుర్తుంటుంది.

చేతికి అల్లికపని అటువంటిదే. మగ్గం మీద బట్ట నేయడానికి పడుగు, పేక కావాలి. షోలాపూర్‌లో నేతపని చేసే తెలుగు కుటుంబాల వారికి ఈ మాటలు పరిచితమే. అల్లికకు రెండు సూదులు, ఒకే దారం చాలు. ఒక సూది మీది ముడిలోంచి రెండో సూదితో దారం లాగితే కొత్త ముడి పడుతుంది. తప్పు జరిగితే విప్పి మళ్ళీ అల్లవచ్చు. దారం ఎక్కడికీ పోదు. చేయి అలవాటు పడ్డాక చూపు అస్తమానం సూది మీదే ఉండనక్కరలేదు. అప్పుడు చెవి పెరటి పాట వింటుంది.

ఎండలు మండే ఊళ్ళో ఊలు ఎందుకని కొందరు అడుగుతారు. నూలుదారంతో చేతిసంచి అల్లవచ్చు. పుష్యమాసపు చలిలో తాతగారి చెవులు కప్పే టోపీ ఒకటి అల్లినా పడిన శ్రమ ఫలించినట్లే. ఇది ఆడపిల్లల పని అనే మాటా సరికాదు. గిజిగాళ్ళలో గూడు అల్లేది మగపక్షే. ఆడపక్షికి ఆ గూడు నచ్చకపోతే అది మరొకటి మొదలుపెడుతుంది!

వీటికి మార్కులు రావు కనుక కాలం వృథా అనేవారూ ఉన్నారు. కాని నిదానంగా వినడం, తప్పును గుర్తించి ఓపికతో సరిదిద్దుకోవడం చదువుకు పనికిరాని గుణాలా? పైగా అమ్మమ్మకు తెలిసిన పికిలిపిట్ట పేరు మనవరాలికి చేరాలంటే, ఆ పిట్ట కనబడినప్పుడు ఎవరో ఒకరు ఆ పేరు పలకాలి. వీధిలో మరో భాష వినిపించే ఊళ్ళలో ఇది మరీ అవసరం. అమ్మమ్మ అల్లిక నేర్పుతూ పిట్టల పేర్లు చెబుతుంటే, ఆ పెరడే పిల్లలకు మరో తెలుగు బడి అవుతుంది.