అడవిలో ఇల్లు – సభలో గొంతు

మన శాసనసభలలో ఇళ్ల ప్రస్తావన రాని సమావేశం దాదాపు ఉండదు. ఎన్ని మంజూరైనవి, ఎన్ని పునాదుల దగ్గర ఆగిపోయినవి, ఎన్నింటికి బిల్లులు చెల్లలేదు అన్న లెక్కలతో చర్చ మొదలై, ఆ లెక్కలతోనే ముగుస్తుంది. ఈ లెక్కలకు అందని ఇళ్లు కొన్ని ఉన్నవి. అవి అడవిలోని ఇళ్లు. అడవిలో ఇల్లు కట్టడానికి డబ్బు ఒక్కటే చాలదు. నేల కావాలి, ఆ నేలమీద హక్కు కావాలి. హక్కు లేదని చట్టం చెప్పినప్పుడు, ఆ చట్టాన్నీ ఆ గుడిసెనూ ఎదురెదురుగా నిలిపి మాట్లాడగల మనిషి సభలో ఉండాలి. డబ్బును గురించి అందరూ మాట్లాడుతున్నారు. ఈ మూడవదానిని గురించి ఆలోచించవలసి ఉన్నది.

అటువంటి ప్రతినిధికి మన తెలుగునాట దగ్గరి ఉదాహరణ ములుగు శాసనసభ్యురాలు శ్రీమతి ధనసరి అనసూయ. ఆమెను లోకం సీతక్క అనే ఎరుగును. కోయ కుటుంబంలో 1971లో జన్మించినారు. యౌవనారంభంలోనే నక్సలైటు ఉద్యమంలో చేరి, సుమారు పదేళ్లు అడవిలో గడిపి, తరువాత జనజీవనంలోకి వచ్చి, న్యాయశాస్త్రం చదివి వరంగల్లులో వకీలుగా పనిచేసినారు. 2004లో ఓడిపోయి, 2009లో తెలుగుదేశం పక్షాన గెలిచి, 2014లో మళ్లీ ఓడి, 2018లోను 2023లోను కాంగ్రెసు పక్షాన గెలిచినారు. 2023 డిసెంబరు 7న మంత్రిగా ప్రమాణం చేసినారు. ఆయుధం, న్యాయస్థానం, శాసనసభ – ఈ మూడు మార్గాలనూ ఒకే జీవితంలో చూచినవారు అరుదు. పార్టీల మంచిచెడ్డలు ఇక్కడ మనకు ప్రస్తుతం కావు. ఆమె ప్రతినిధిత్వం గూడేనికి ఏమి చేయగలిగినది, ఏమి చేయలేకపోయినది అన్నదే విచారించదగినది.

2020లో కరోనా కారణంగా దేశమంతా తలుపులు మూసుకొన్న నెలలలో ఆమె బియ్యం, పప్పు, కూరగాయల మూటలతో దారిలేని గూడేలకు వాగులు దాటి నడచి వెళ్లినారు. బండి పోయినంత దూరం బండిమీద, ఆపైన తలమీద మూటతో సాగిన ఆ ప్రయాణాల చిత్రాలను దేశమంతా చూచినది. 2023 జూలైలో జంపన్నవాగు పొంగి ఏటూరునాగారం మండలంలోని కొండాయి గ్రామాన్ని ముంచివేసి పలువురిని బలిగొన్నప్పుడు, చిక్కుకొన్నవారికోసం హెలికాప్టరు పంపవలసిందని ఆమె కన్నీటితో ప్రభుత్వాన్ని వేడుకొన్నారు. సేవ అనే మాట మన రాజకీయాలలో అరిగిపోయినది. కాని ఈ నడకలకు మరొక ప్రయోజనం ఉన్నది. గుడిసెలోకి వంగి వెళ్లిన ప్రతినిధికి, సభలో నిలబడి మాట్లాడేటప్పుడు కాగితం చూడవలసిన అవసరం ఉండదు.

ఆమె చూచిన గుడిసెలలో ఎక్కువ కష్టంలో ఉన్నవి గొత్తికోయలవి. వీరు బస్తరు ప్రాంతంనుంచి గోదావరి అడవులకు వలస వచ్చినవారు. 2005లో అక్కడ సల్వాజుడుం మొదలైన పిమ్మట, ఇరుపక్షాల తుపాకుల నడుమ నిలువలేక వచ్చినవారు వేలమంది. వలస వచ్చిన ఈ ఆదివాసుల వెలివేతను, లేమిని గురించే శ్రీమతి సీతక్క పరిశోధన చేసి, 2022లో ఉస్మానియా విశ్వవిద్యాలయంనుంచి డాక్టరేటు పొందినారు. తన నియోజకవర్గంలో అంతగా ఓట్లు లేని జనాన్ని పరిశోధనకు ఎన్నుకొన్న శాసనసభ్యులు మనకు ఎందరున్నారు?

ఈ గొత్తికోయలకు ఇల్లు ఎందుకు కట్టించలేము? దీనికి జవాబు చట్టంలో ఉన్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబరు 13వ తేదీకి ముందునుంచి అడవినేలను ఆశ్రయించి ఉన్న ఆదివాసికి అక్కడ నివసించే హక్కు లభిస్తుంది. సల్వాజుడుం మొదలైనది ఆ సంవత్సరం నడిమిలో. కాబట్టి ఆ హింసకు వెరచి ఆ తరువాతి ఏళ్లలో పారివచ్చినవారు సరిగ్గా ఆ గీతకు ఆవలనే నిలిచిపోయినారు. పైగా, వచ్చిన చోట వారిని షెడ్యూల్డు తెగవారుగా గుర్తించడానికి అధికారులు ఒప్పుకొనరు. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ సిబ్బంది వారి గుడిసెలను కూల్చివేసినారు. గుడిసె కూల్చడానికి ఒక పూట చాలును. ఆ గుడిసెకు బదులు ఎక్కడ ఉండవలెనో చెప్పడానికి మాత్రం ఏ శాఖకూ అధికారం లేదు.

ఇదే చట్టంలోని మరొక అంశాన్ని ఉపాధ్యాయులు గమనించవలసి ఉన్నది. బడి, వైద్యశాల, అంగన్‌వాడీ, చౌకధరల దుకాణం, దారి, మంచినీటి వసతి మొదలైన 13 రకాల పనులకు గ్రామసభ సిఫారసు చేస్తే ఒక హెక్టారులోపు అడవినేలను వినియోగించుకోవచ్చునని చట్టం అనుమతించినది. ఆ జాబితాలో ఇల్లు లేదు. ఇల్లు వ్యక్తిహక్కు కింద మాత్రమే రావాలి. బడికైనా అనుమతి రావడం సులభం కాదు. 2024లో కన్నాయిగూడెం మండలం బంగారుపల్లిలో పక్కా భవనానికి అటవీ అనుమతి లేనందున, ఇనుప కంటెయినరును తెప్పించి బడిగా మార్చినారు. దానిని ప్రారంభించినది శ్రీమతి సీతక్కే. పునాది తవ్వకుండా, నేలను కదల్చకుండా నిలిపే బడి! చట్టాన్ని ధిక్కరించకుండా చేసిన యుక్తిగా దానిని మెచ్చుకోవచ్చు. కాని మంత్రిపదవిలో ఉన్న ఆదివాసి ప్రతినిధి సైతం తన గూడెంలో నాలుగు గోడలు లేపలేకపోవడం ఎంత గట్టి అడ్డంకికి సాక్ష్యమో కూడా చూడవలెను.

అటవీశాఖ వాదాన్ని కొట్టివేయరాదు. పోడుకోసం చెట్లు పడుతున్నవి, వాగులు ఎండుతున్నవి, వన్యమృగాలకు చోటు తగ్గుతున్నది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు వివాదంలో ఒక అటవీ అధికారి హతుడైనాడు. విధి నిర్వహణలో ప్రాణం పోయిన ఆ ఉద్యోగిని మరచి ఆదివాసుల పక్షాన మాట్లాడటం న్యాయం కాదు. అయితే ఒకటి నిజం. నివాసానికి హద్దు చూపనంతకాలం పోడుకు హద్దు ఉండదు. ఈ ఏడు ఇక్కడ, పై ఏడు మరొకచోట గుడిసె వేయవలసినవాడు ప్రతిసారీ కొత్తగా నాలుగు చెట్లు నరుకుతాడు. స్థిరమైన ఇల్లు ఇవ్వడం అడవికి కూడా రక్షణే.

2024 మార్చి 11న భద్రాచలంలో తెలంగాణ ప్రభుత్వం ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని ప్రారంభించినది. ఇంటికి 5 లక్షల రూపాయలు. తొలి దశలో సొంత స్థలం ఉన్నవారికే ప్రాధాన్యం. గూడెంలో స్థలం ఉన్నది, కాని అది కాగితం మీద అతనిది కాదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఈ మాటను ప్రభుత్వాన్ని అడిగినవారు, నేడు ప్రభుత్వంలో ఉండి తామే జవాబు చెప్పవలసినవారైనారు. అడవిలో నడిచినంత శ్రద్ధగా ఫైళ్ల నడుమ నడవడంలోనే ఇక ఆమె ప్రతినిధిత్వానికి అసలు పరీక్ష.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. కెనడాకు ఉత్తరపు కొసన, 1999లో ఏర్పడిన నూనావుట్ అనే మంచుసీమలో ఇన్యూయిట్ జాతివారు నివసిస్తున్నారు. 2019 అక్టోబరులో ముమిలాక్ కకాక్ అనే 25 ఏళ్ల ఇన్యూయిట్ యువతి అక్కడినుంచి పార్లమెంటుకు ఎన్నికైనది. 2020లో ఆమె ఊరూరా తిరిగి, గోడలకు బూజు పట్టిన ఇళ్లలో ఒక్క కప్పుకింద ఇరుకుకొని నిదురించే కుటుంబాలను చూచి, 2021 మార్చిలో నివేదిక వెలువరించినది. ఎదురుచూచి విసిగిపోయినాము అన్న అర్థం వచ్చే పేరు దానికి పెట్టినది. ఆ జూన్‌లోనే, ఈ పదవిలో తనకు రక్షణ ఉన్నట్లు ఎన్నడూ అనిపించలేదని సభలో చెప్పి, మరల పోటీ చేయక తప్పుకొన్నది. ఒంటరి గొంతు ఎంత దూరం వినిపించగలదో, ఎంత త్వరగా అలసిపోగలదో ఈ ఉదంతం చెబుతున్నది.

ఇక మన శిరివెళ్లవైపు చూతము. తూర్పున కనబడే నల్లమల చెంచుల పుట్టిల్లు. అహోబిల నృసింహుడు చెంచులక్ష్మిని పెండ్లాడినాడని మన కథలు. సంక్రాంతి పిమ్మట పారువేటకు బయలుదేరి ఊరూరా తిరిగే స్వామిని మనం అల్లుడుగా ఆదరిస్తాము. ఆ అల్లుని అత్తవారింటి కప్పు సంగతి మాత్రం మనకు పట్టదు.

ఆంధ్రప్రదేశ్ శాసనసభలోని 175 స్థానాలలో షెడ్యూల్డు తెగలకు కేటాయించినవి 7. అవన్నీ ఉత్తరకోస్తా, గోదావరి మన్యాలలోనే ఉన్నవి. రాయలసీమలో ఒక్కటీ లేదు. గిరిజన జనాభా నిష్పత్తి అధికంగా ఉన్న నియోజకవర్గాలనే రిజర్వు చేస్తారు గనుక, నల్లమల నిండా పలుచగా చెదరిన చెంచులకు ఆ అవకాశం రాదు. మన ఆళ్లగడ్డ జనరల్ స్థానం; నంద్యాల, శ్రీశైలం కూడా అంతే. పైగా నంద్యాల జిల్లా అయిదవ షెడ్యూలు ప్రాంతంలో లేదు గనుక, గ్రామసభకు విశేషాధికారాలిచ్చిన 1996 నాటి పంచాయతీ చట్టం ఇక్కడ వర్తించదు. గొత్తికోయలకు లేనిది తేదీ అయితే, చెంచులకు లేనిది గొంతు. తరతరాలుగా ఇక్కడే ఉన్నవారు గనుక తేదీ వారి పక్షానే ఉన్నది. వారివంటి ఆదిమ తెగలకు నివాసప్రాంతంపై సామూహిక హక్కును సైతం అదే చట్టం చెప్పినది.

డబ్బు కూడా లేకపోలేదు. 2023 నవంబరు 15న మొదలైన ప్రధానమంత్రి జన్‌మన్ పథకం కింద దేశంలోని 75 ఆదిమ తెగలకు 4.90 లక్షల ఇళ్లు లక్ష్యంగా పెట్టుకొన్నారు, ఇంటికి 2.39 లక్షలు. చెంచులు ఆ తెగలలో ఒకరు. వారి అభివృద్ధికై ఏర్పడిన సంస్థ శ్రీశైలం చేరువన సున్నిపెంటలో ఉన్నది. అయినా పక్కాయింటి పక్కనే గుడిసె వేసుకొని అందులో కాపురముండే కుటుంబాలు కద్దు. దానిని అజ్ఞానమని నవ్వుకోరాదు. పొయ్యి ఎక్కడ, తేనె, దుంపలు దాచుకొనే చోటెక్కడ అని అడగకుండా కట్టిన గది ఇల్లు కాదు. ఆ ప్రశ్న అడిగేవారే సభలో లేరు.

కనుక జనరల్ స్థానాలనుంచి గెలిచిన మన ప్రతినిధులే ఆ ప్రశ్న అడగాలి, అడిగించవలసినవారము మనము. ఉపాధ్యాయులకు ఇక్కడ ప్రత్యేకమైన పని ఉన్నది. అటవీ హక్కుల దరఖాస్తుకు కనీసం రెండు ఆధారాలు కావాలి. ప్రభుత్వ రికార్డులు, ఓటరు కార్డు, రేషను కార్డు, నిలిచిన గుడిసె, ఊరి పెద్దలు చెప్పగా వ్రాసుకొన్న వాంగ్మూలం – ఇవన్నీ చెల్లుబాటయ్యేవే. ఒక చెంచు వృద్ధుడు తన తండ్రి ఎక్కడ పుట్టినాడో, తాను ఏ చెట్టుకింద పెరిగినాడో చెప్పగలడు. దానిని కాగితంమీద పెట్టగల చేయి అతని ఇంట లేకపోవచ్చు. ఆ చేయి బడిలో ఉన్నది. పై తరగతుల విద్యార్థులను వెంటబెట్టుకొని, సెలవు దినాలలో అలాంటి వాంగ్మూలాలు వ్రాసిపెట్టడం ఏ ఉపాధ్యాయునికీ అసాధ్యం కాదు. అధికారి ముందు నిలిచేది ఆ కాగితమే. దానిని పట్టుకొని శాసనసభ్యుని వాకిట నిలబడి, సభలో మా పక్షాన ఇది అడగండి అనే హక్కు ప్రతి ఓటరుకూ ఉన్నది.