ఆ లోయలో గాంధీజీ మాట!

‘‘మా అమ్మాయి డబ్లిన్‌లో ఉంటోందండీ. రెండు నెలలు ఉండి రమ్మంటోంది. అక్కడ చూడ్డానికి ఏమున్నాయి?’’ ఈ మధ్య నన్ను ఇలా అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఐర్లాండ్ అనగానే పచ్చిక బయళ్లూ గొర్రెల మందలూ ఆగీ ఆగీ కురిసే వానా గుర్తొస్తాయి. అవన్నీ ఉన్నాయి. కానీ వాటితో పాటు ఆ దేశంలో తప్పకుండా చూడాల్సింది మరోటుంది. ఊరొదిలి వెళ్లిపోయిన లక్షల మంది వదిలిన గుర్తులు. పిల్లల్ని పరాయి దేశం పంపిన మనలాంటివాళ్లకి అవి వెంటనే అర్థమవుతాయి.

మా అబ్బాయి డబ్లిన్‌లో ఉద్యోగంలో చేరి ఆరేళ్లయింది. మొన్న జూన్‌లో నేనూ మా ఆవిడా వెళ్లాం. విమానం ఎక్కేముందే ఆవిడ నాకో పని అప్పగించింది. ‘‘వాడు ఇండియాకి ఎప్పుడొచ్చేస్తాడో ఈసారి మీరే అడగాలి. నేనడిగితే ఏడుపొస్తుంది’’ అని. సరేనన్నాను. అడగటం మాత్రం రోజూ రేపటికి వాయిదా పడుతూ వచ్చింది.

వీసా సంగతి ముందే చెప్పాలి. ఐర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా షెంజెన్ వీసా అక్కడ చెల్లదు. వేరుగా తీసుకోవాలి. ఆ ద్వీపంలోనే ఉన్న ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో భాగం. దారిలో సరిహద్దు గేటు కనిపించదు కదా అని బెల్‌ఫాస్ట్ వెళ్లిపోకూడదు. దానికి తగిన వీసా ఉండాల్సిందే.

గిరిగారు చదివిన ఊరు

మొదటి మూడు రోజులూ డబ్లిన్‌లోనే. 1592లో స్థాపించిన ట్రినిటీ కాలేజీలో ‘బుక్ ఆఫ్ కెల్స్’ ఉంది. సుమారు 1200 ఏళ్ల క్రితం క్రైస్తవ సన్యాసులు దూడ చర్మం మీద రంగులతో రాసిన సువార్తల గ్రంథమది. ఒక్క అక్షరంలోనే పాములూ పక్షులూ అల్లుకుపోయి ఉంటాయి. పక్కనే పొడవాటి పాత గ్రంథాలయం. పరిరక్షణ పనుల కోసం పుస్తకాలను అరల్లోంచి తీశారు కాబట్టి ఫొటోల్లో చూసినట్లు కనిపించకపోతే నిరాశపడకండి. ఆ చెక్క కప్పు కిందికెళ్లి నిలబడ్డా చాలు.

అక్కణ్నుంచి నది దాటితే ఓకానెల్ వీధి. అందులో ఉన్న జనరల్ పోస్టాఫీసు వాళ్లకి పుణ్యక్షేత్రం లాంటిది. 1916 ఏప్రిల్‌లో ఈస్టర్ పండగ మర్నాడు బ్రిటిష్ పాలన మీద తిరగబడినవాళ్లు దీన్నే కేంద్రంగా చేసుకున్నారు. తిరుగుబాటు వారంలోపే అణగిపోయింది. నాయకుల్లో 14 మందిని కిల్‌మెయినమ్ జైల్లో కాల్చిచంపారు. గాయాలతో నిలబడలేని స్థితిలో ఉన్న కార్మిక నాయకుడు జేమ్స్ కనోలీని కుర్చీలో కూర్చోబెట్టి మరీ కాల్చారు. ఆ జైలు ఇప్పుడు మ్యూజియం. టిక్కెట్లు ముందే కొనుక్కోవాలి, అప్పటికప్పుడు దొరకడం కష్టం.

మన రాష్ట్రపతి వి.వి.గిరి 1913లో లా చదవడానికి వచ్చింది ఈ ఊరికే. ఐరిష్ జాతీయోద్యమాన్నీ కనోలీ నడిపిన కార్మికోద్యమాన్నీ దగ్గర్నుంచి చూశారు. ఆయన మీద అధికారుల అనుమానం పడింది. 1916లో ఐర్లాండ్ విడిచి ఇండియాకి వచ్చేశారు. ఇక్కడ కార్మిక నాయకుడయ్యారు. ఆ జైలు ఆవరణలో నిలబడి ఈ కథ చెబితే మావాడు ‘‘ఇన్నేళ్లుగా ఇక్కడున్నా నాకీ సంగతి తెలీదు నాన్నా’’ అన్నాడు.

సాయంత్రం నది ఒడ్డున నడుస్తుంటే ఎదురుగా కొందరు మనుషులు. చిక్కి శల్యమై, చిన్న మూటలు గుండెలకి హత్తుకుని, ఒకడు భుజాల మీద మరో మనిషిని మోస్తూ... వెనకాలే బక్క కుక్క. కంచు విగ్రహాలవి. శిల్పి రోవన్ గిలెస్పీ చేసిన ఆ కరువు స్మారకాన్ని 1997లో పెట్టారు. ఆ మనుషులు వెళ్తున్నది ఓడ దగ్గరికి. కాస్త ముందుకెళ్తే ‘జీనీ జాన్‌స్టన్’ ఓడ నమూనా ఉంటుంది, లోపలికి వెళ్లి చూడొచ్చు. కరువు రోజుల్లో ఓడలెక్కినవాళ్లలో చాలామంది జబ్బులతో దారిలోనే పోయేవారు. అసలు జీనీ జాన్‌స్టన్ మాత్రం జనాన్ని చేరవేసిన 16 ప్రయాణాల్లోనూ ఒక్క ప్రాణాన్నీ పోగొట్టుకోలేదు.

పిరమిడ్ కన్నా పాతది

డబ్లిన్ నుంచి గంట ప్రయాణం న్యూగ్రేంజ్. సుమారు 5200 ఏళ్ల నాటి సమాధి దిబ్బ. గిజా గ్రేట్ పిరమిడ్ కన్నా పాతది. వంగి, పక్కకి తిరిగి 19 మీటర్ల ఇరుకు దారిలో నడిస్తే లోపల చిన్న గది వస్తుంది. ఏడాదిలో అతి తక్కువ పగలుండే డిసెంబరు రోజుల్లో మాత్రమే ఉదయపు ఎండ వాకిలి మీదున్న కంతలోంచి దూరి సుమారు 17 నిమిషాలు ఆ గదిని వెలిగిస్తుంది. ఆ వెలుగు చూడాలంటే లాటరీలో పేరు రావాలి. మిగతా రోజుల్లో గైడు లైట్లన్నీ ఆపేసి, కరెంటు దీపంతో ఆ కిరణం ఎలా వస్తుందో చూపిస్తారు. మోకాళ్ల నొప్పులున్నా మా ఆవిడ లోపలిదాకా వచ్చింది. ఇనుమన్నది ఎరగని రోజుల్లో అంత లెక్క ఎలా కట్టారో!

నాలుగో రోజు కారులో పడమటికి బయల్దేరాం. మన దగ్గరలాగే అక్కడా బళ్లు ఎడమవైపే నడుస్తాయి. తిన్నగా వెళ్లకుండా రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ అనే చిన్న ఊరు వైపు తిప్పమన్నాను. ‘‘అక్కడేముంది నాన్నా?’’ అన్నాడు మావాడు. ‘‘మన ఊరుంది’’ అన్నాను.

మాది మదనపల్లె. 1919లో రవీంద్రనాథ్ టాగోర్ మా బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో బస చేసినప్పుడు జనగణమన పాడి వినిపించారు. ఆ బాణీకి స్వరలిపి రాసిపెట్టింది ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్. ఆవిడ పుట్టింది ఈ బాయిల్‌లోనే, 1878లో. ఐర్లాండ్‌లో ఆడవాళ్ల ఓటుహక్కు కోసం పోరాడి జైలుకెళ్లింది. మనదేశం వచ్చి ఇక్కడి మహిళల కోసం పనిచేసింది. ఊళ్లో చూడాల్సింది 12వ శతాబ్దంలో మొదలైన మఠం. కప్పు లేదు కానీ తోరణాలు చెక్కుచెదరలేదు. పక్కన ఏరు పారుతోంది. ఆ రాతి స్తంభాల మధ్య ఎవరూ లేకపోవడం చూసి మా ఆవిడ మెల్లగా జనగణమన అందుకుంది. మేమిద్దరం నిటారుగా నిలబడ్డాం.

సాళ్లు మిగిలాయి, మనుషులు లేరు

ఆ రాత్రి బస వెస్ట్‌పోర్ట్‌లో. హోటళ్ల కన్నా ఇళ్లలో గది అద్దెకిచ్చి పొద్దున్నే టిఫిను పెట్టేవాళ్ల దగ్గర దిగడం మేలు. శాకాహారులమని ముందే చెబితే సోడా బ్రెడ్డూ వెన్నా జామూ బంగాళాదుంప సూపూ చేసిపెడతారు. మా ఇంటావిడకి ఏడుగురు తోబుట్టువులట. ‘‘అయిదుగురు అమెరికా, ఇంగ్లండుల్లో ఉండిపోయారు. ప్రతి ఇంటి కథా ఇదే’’ అంది టీ పోస్తూ.

మర్నాడు లూయిస్‌బర్గ్ మీదుగా దక్షిణానికి వెళ్లే దారి పట్టుకున్నాం. ఐర్లాండ్‌లో ఒక్క దారే చూసే వీలుంటే నేను ఈ దారే చెబుతాను. రెండు వైపులా నున్నటి కొండలు, మధ్యలో డూలాక్ అనే నల్లటి సరస్సు. ఇళ్లు లేవు. ఈ ప్రాంతంలో కొండవాలుల్ని పరిశీలనగా చూస్తే గడ్డి కింద వరసగా గట్లు కనిపిస్తాయి. ఒకప్పటి బంగాళాదుంప మళ్లవి. 1845లో వచ్చిన తెగులు పంటని కుళ్లబెట్టింది. పేద రైతులకి బంగాళాదుంప తప్ప వేరే తిండి లేదు. పండిన గోధుమలూ పశువులూ ఇంగ్లండుకి ఓడల్లో వెళ్తూనే ఉన్నాయి. కొన్నేళ్లలో దాదాపు 10 లక్షల మంది చనిపోయారు. మరో 10 లక్షల మందికి పైగా దేశం వదిలారు. 1841లో 80 లక్షలు దాటిన ఆ ద్వీపం జనాభా ఇప్పటికీ ఆ అంకెని అందుకోలేదు.

1849 మార్చిలో కరువు సాయం కావాలంటే అధికారుల ఎదుట హాజరు కావాలని చెప్పడంతో ఆకలితో ఉన్న జనం లూయిస్‌బర్గ్ నుంచి ఈ లోయ గుండా సుమారు 20 కిలోమీటర్లు నడిచారు. చలిలో, వానలో. అంతదూరం వెళ్తే దొరికింది ఏమీ లేదు. తిరుగుదారిలో ఎందరో రాలిపోయారు. రోడ్డు పక్కన వాళ్ల జ్ఞాపకంగా రాతి శిలువ నిలబెట్టారు. దిగి దగ్గరికెళ్లి చదివితే కింద ఉన్న పేరు... మహాత్మా గాంధీ! సాటి మనుషుల్ని అవమానించి తమకు గౌరవం దక్కిందని మనుషులు ఎలా అనుకోగలరన్న ఆయన మాటని అక్కడ చెక్కారు. 1876-78 నాటి ధాత కరువు గురించి మా తాతగారు చెప్పిన కథలు గుర్తొచ్చాయి. అప్పుడూ మన గోధుమలు ఇలాగే ఓడలెక్కాయి. డబ్బాలో పులిహోర ఉన్నా అక్కడ తినబుద్ధి కాలేదు. లోయ దాటి, కిలరీ సముద్రపు పాయ ఒడ్డుకి చేరాకే మూత తీశాం.

అక్కణ్నుంచి కనమారా. సరస్సు ఒడ్డున కైల్‌మోర్ భవంతి, ఐరిష్ భాషలో మాత్రమే రాసిన దారి బోర్డులు, తర్వాత సందడిగా ఉండే గాల్వే పట్నం. మర్నాడు మోహర్ కొండచరియలు. 8 కిలోమీటర్ల పొడవున, బాగా ఎత్తైన చోట 200 మీటర్లకి పైగా ఎత్తులో నేల ఒక్కసారిగా సముద్రంలోకి తెగిపోతుంది. మేం వెళ్లేసరికి మంచు తప్ప ఏమీ కనిపించలేదు. చాలామంది వెనక్కి తిరిగారు. ముప్పావుగంట ఆగాం. తెర తీసినట్లు మొత్తం కనిపించింది. ఐర్లాండ్‌లో వాతావరణం మీద అలగకండి, కాసేపు ఆగండి. గొడుగు గాలికి తిరగబడుతుంది, టోపీ ఉన్న రెయిన్‌కోటు తీసుకెళ్లండి.

ఆఖరి రేవు

చివరి మజిలీ దక్షిణాన కార్క్ దగ్గరున్న కోవ్. కొండవాలున రంగురంగుల ఇళ్లు, పైన పెద్ద చర్చి, కింద రేవు. 1912 ఏప్రిల్ 11న టైటానిక్ ఆఖరిసారి ఆగింది ఇక్కడే. 123 మంది ఎక్కారు. కానీ ఈ రేవు అసలు కథ టైటానిక్ కాదు. 1848 నుంచి 1950 దాకా దేశం వదిలినవాళ్లలో సుమారు 25 లక్షల మంది ఇక్కణ్నుంచే వెళ్లారు. ఒడ్డున తమ్ముళ్లిద్దరితో నిలబడిన ఓ అమ్మాయి విగ్రహం ఉంది. పేరు యానీ మూర్. 1892 జనవరి 1న న్యూయార్క్‌లోని ఎల్లిస్ ద్వీపంలో అమెరికా నమోదు చేసుకున్న మొదటి వలసదారు.

మ్యూజియంలో ఒక ఆచారం గురించి తెలిసింది. బిడ్డ అమెరికా వెళ్లే ముందు రాత్రి ఇంట్లో చుట్టాలంతా చేరి తెల్లారేదాకా మేలుకునేవారట. చావు ఇంట్లో శవం దగ్గర జాగారం చేసినట్లే. మళ్లీ చూడమని వాళ్లకి తెలుసు. మా ఆవిడ ఆ గదిలోంచి త్వరగా బయటికి వచ్చేసింది.

రేవులో బెంచీ మీద కూర్చున్నాం. ఆరేళ్లుగా అడగాలనుకున్నది ఇక అడుగుదామనుకున్నాను. అంతలో మావాడే అన్నాడు, ‘‘నాన్నా, ఎప్పుడొస్తావని మీరు అడగరేం?’’ అని. ‘‘అడిగితే చెబుతావా?’’ అన్నాను. కాసేపు సముద్రం వైపు చూసి ‘‘నాకే తెలీదు’’ అన్నాడు. అబద్ధం చెప్పనందుకు సంతోషించాను. మా ఆవిడ ఏడవలేదు. ‘‘వాళ్లమ్మలకి ఉత్తరం రావడానికే వారాలు పట్టేది. మనకి పది గంటలు విమానంలో కూర్చుంటే చాలదూ, ఇంకో నాలుగు గంటలు ఎక్కువేమో!’’ అంది.

ఒకప్పుడు బిడ్డల్ని పంపడమే తప్ప రప్పించుకోవడం తెలియని దేశమది. ఇప్పుడు మన పిల్లలకి ఉద్యోగాలిస్తోంది. మీరూ వెళ్తే కొండచరియలూ కోటలూ చూడండి. డూలాక్‌లో కారు దిగండి. కోవ్ రేవులో ఓ సాయంత్రం కూర్చోండి. మీవాణ్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.