టైమ్‌పాస్ అట!

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్‌ని పోపుల డబ్బాకి ఆనించి, ఊలూ సూదులూ పట్టుకుని కూర్చున్నాను. మావారి మేనత్తగారు ఊరి నుంచి వచ్చి ఉన్నారు. కాసేపు చూసి, "బాగుందమ్మాయ్, నీకు మంచి టైమ్‌పాస్" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు పాపం. నాకు మాత్రం పంటి కింద రాయిలా తగిలింది.

అప్పుడు నేనేం చేస్తున్నానో చెప్తాను వినండి. రెండు రంగుల ఊలుతో ఒకే వరుసలో పువ్వులు తేవడం నేర్చుకుంటున్నాను. దీన్ని ఫెయిర్ ఐల్ అల్లిక అంటారు. స్కాట్లండ్‌కి ఉత్తరాన, షెట్లాండ్ దీవుల్లో ఒక చిన్న దీవి పేరది. ఒక రంగు కుడిచేతిలో, ఇంకోటి ఎడమచేతిలో పట్టుకోవాలి. ఆ క్షణాన వాడని దారం వెనకవైపు వదులుగా సాగుతూ రావాలి. అది బిగిసిందా, ముందువైపు పువ్వంతా ముడుచుకుపోతుంది. మరీ వదిలేస్తే వేసుకునేటప్పుడు వేళ్ళకి తగులుకుంటుంది. ఐదారు కుట్లు దాటితే మధ్యలో ఒకసారి మెలేసి పట్టాలి. పైగా రెండు దారాల్లో ఏది కింద నుంచి వస్తే ఆ రంగే బాగా పైకి కనిపిస్తుందట! మధ్యలో చేతులు మార్చామా, పువ్వు సగంలో వెలిసినట్టయిపోతుంది. వీడియోలో ఆవిడ ఇదంతా నాలుగు నిమిషాల్లో చేసేసింది. నాకు పదకొండు రోజులు పట్టింది. మూడుసార్లు మొత్తం విప్పేశాను.

మా అబ్బాయి కూడా ఇలాగే వీడియో ఆపి ఆపి పైథాన్ నేర్చుకుంటాడు. అప్పుడు ఇంట్లో టీవీ కట్టేస్తాం. "వాణ్ణి కదిలించకండి, కోర్సు చేసుకుంటున్నాడు" అని గుసగుసలు. నేను సూదులు పట్టుకుంటే మాత్రం, "ఖాళీగానే ఉన్నావుగా, కాస్త టీ పెట్టు."

డబ్బులొస్తే పని అంటాం గానీ, అంటారు మావారు. వాడి కోర్సుకి ఇప్పటిదాకా ఎన్ని రూపాయలొచ్చాయండీ?

అసలు డబ్బులొచ్చినా ఈ మాట పోదు. మన నరసాపురం లేసు సంగతే చూడండి. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో దాని మీద పుస్తకమే రాశారు. ఆడవాళ్ళు అల్లిన లేసు విదేశాలకి ఎగుమతయ్యేది. వాళ్ళని మాత్రం ఇంట్లో తీరిక వేళ కాలక్షేపానికి అల్లుకునే గృహిణులుగానే లెక్కేశారు. కాలక్షేపానికి కూలి ఎంతిస్తారు? ఇచ్చిందే ఎక్కువ! ఆ షెట్లాండ్‌లోనూ ఇదే భాగోతం. అల్లినవి తీసుకుని వర్తకులు డబ్బుకి బదులు టీ పొడీ గుడ్డలూ చేతిలో పెట్టేవారు. దాని మీద ప్రభుత్వం వేసిన విచారణ నివేదిక 1872లో వచ్చింది. ఎంత దూరం చూడండి ఆ దీవులకీ గోదావరికీ, లెక్క మాత్రం ఒక్కటే.

అందుకే టైమ్‌పాస్ అనే మాటని నేను చిన్నమాటగా తీసుకోను. ఆ ముద్ర ముందు పడుతుంది, కూలి తెగ్గోయడం తర్వాత జరుగుతుంది. నేనేం కూలికి అల్లడం లేదు, నిజమే. ఢిల్లీలో ఉన్న మా ఆడపడుచు కూతురికి చలికాలం టోపీ, అంతే. అయినా నేర్చుకుంటున్నాను అంటే నేర్చుకుంటున్నాననే అనండి.

ఇవాళ మూడింటికి గది తలుపు వేసుకుని కూర్చున్నాను. పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, టీ పొడి పై అరలో ఉంది. అబ్బాయికి చెప్పాను.