పోరులోని పొందిక

సోదరీమణులారా! ఈ మాసపు విషయమును జూచి మీలో కొందఱు నవ్వుకొందురేమో! ఊరగాయల పాళ్లు, బిడ్డల పెంపకము, పురాణస్త్రీల చరిత్రములు ముచ్చటించుకొను ఈ పుటలో సినిమా కొట్లాటల ప్రసంగమేల యని యడుగుదురేమో! ఈ ప్రసంగము నేను కోరి తెచ్చినది కాదు. అదియే మా గుమ్మములోనికి నడచివచ్చినది.

ఒకనాటి సాయంకాలము నేను దీపము పెట్టుచుండగా పొరుగింటి వదినగారు తన యాఱేండ్ల కుమారుని చేయి పట్టుకొని వచ్చి నిలిచినది. పసివాని పెదవి చిట్లి నెత్తురు కారుచున్నది. "చూడు వదినా! మీ పెద్దవాడు గాలిలోకెగిరి మావాని మూతిమీద తన్నినాడు. అదేమో కుంగ్‌ఫూ అట!" అని మాత్రమనినది. ఆమె కంఠమున కోపముకంటె నొప్పి హెచ్చుగా నుండెను. నాకు సిగ్గుతో తల వంగిపోయినది. పసివానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని చన్నీటి గుడ్డ పెదవికద్దితిని.

తలుపుచాటున నక్కియున్న నా పదునొకండేండ్ల కుమారుని పిలిచి కారణమడిగితిని. వాడు కన్నీరు దిగమ్రింగుచు, "వానికి దెబ్బ తగులవలెనని తన్నలేదమ్మా! వాడు తప్పుకొనవలదా? సినిమాలో అందఱును తప్పుకొందురు గదా!" అనినాడు.

ఆ మాట ఆ రాత్రి నన్ను నిద్రపోనీయలేదు. పిల్లవాడు అబద్ధమాడలేదు. తెరమీద వాడు కొట్టువానిని మాత్రమే చూచినాడు. ఆ దెబ్బను అందుకొనువాని నేర్పును చూడలేదు. అది ఎవరును వానికి చూపలేదు.

మఱునాడు "ఇకమీదట ఈ యింట కొట్లాట సినిమాలు కూడవు" అని నేను శాసింపబోగా మావారు నన్ను వారించి, "మాన్పించుట సులభమే. మనయెదుట మానినదానిని మనచాటున చూచును. అంతకంటె నీవే వానితో కూర్చుండి ఒకటి చూడరాదా? భారతములోని యుద్ధపర్వములు చదువుదానవు, తెరమీది పోరునకు వెఱచుటేల?" అనిరి. నిజము చెప్పవలెనన్న, తెరమీద కత్తి దూయగానే లేచి పొయ్యి చూచుకొనుటకు పోవుట నా యలవాటు. మీలో పెక్కురి యలవాటును అదియే కాబోలు.

మావాడు మెచ్చినది 1978వ సంవత్సరమున హాంకాంగులో తీసిన "థర్టీసిక్స్త్ ఛాంబర్ ఆఫ్ షావోలిన్" అను చిత్రము. దాని దర్శకుడు లౌ కార్ లియుంగ్. ఇతడు తండ్రివద్దనే ఆ విద్య నేర్చి, చాలకాలము ఇతరుల చిత్రములకు పోరులు కూర్చి, 1975లో తానే దర్శకుడైనవాడు. కథానాయకుడు గోర్డన్ లియు. ప్రభువుల దౌర్జన్యమున తనవారిని గోల్పోయిన యొక విద్యార్థి షావోలిన్ మఠమును జేరి యుద్ధవిద్య నేర్చుట ఇందలి కథ. మఠములో ముప్పదియైదు శిక్షణశాలలున్నవి. ఆ యువకుడు తొందరపడి అన్నింటికంటె పైదానికే పోగోరును. అక్కడ నిలువలేక అట్టడుగుదానినుండి మొదలిడును. నీటిపై తేలు కట్టెలమోపుమీద అడుగిడి దాటిననే భోజనశాలకు దారి. పిమ్మట రెండు చేతులను బారచాపి నీళ్లబకెట్లు మోయవలెను. చేయి వాలినచో ప్రక్కలో గ్రుచ్చుకొనునట్లు భుజములక్రింద కత్తులు కట్టుదురు.

అది చూచి నేను నవ్వితిని. "కత్తులు లేవుగాని, మా అమ్మ చంకనొకటి తలపైనొకటి బిందెలు పెట్టుకొని బావినుండి వచ్చెడిది నాయనా! ఒక్కచుక్క తొణికెడిది కాదు" అని చెప్పితిని. వాడు నావంక క్రొత్తగా చూచినాడు. తాను నేర్చినది పైగది తన్ను మాత్రమేయనియు, క్రింది గదులలో దేనినిగూడ త్రొక్కలేదనియు వానికి తోచినట్లున్నది.

ఆ చిత్రములో యువకునకును ఒక పెద్దగురువునకును పోటీ జరుగును. గురువు రెండు కత్తులతో పోరును; శిష్యుడోడును. మరల యత్నించి మరల నోడును. తుదకు వెదుళ్లలో యోచనచేసి మూడు తునకల కఱ్ఱను కనిపెట్టి గెలుచును. నేను మావానితో, "ఈసారి శిష్యుని చూడకుము, గురువును మాత్రమే చూడుము" అని మరల వేయించితిని. వాడు కొంతసేపు మిన్నకుండి, "అమ్మా! కఱ్ఱ వచ్చుటకు ముందే ఆయన కత్తి అక్కడ సిద్ధముగా నున్నది!" అనినాడు.

నాకు వెంటనే కోలాటము జ్ఞప్తికి వచ్చినది. సోదరులారా, కోలాటము తెలియనివారు మనలో నెవరు? ఎదుటియామె కోల సమయమునకు అందీయకున్నచో మన కోల ఆమె వ్రేళ్లమీద పడును. చూచువారికి ఇరువురు కొట్టుకొనుచున్నట్లుండును. నిజమునకు ఇరువురు ఒకరినొకరు కాచుకొనుచుందురు. తెరమీది మంచి పోరును ఇట్టిదే.

తరువాత వానికి మన "నర్తనశాల" చూపితిని. ఇది 1963 అక్టోబరు 11న విడుదలయిన చిత్రము. కమలాకర కామేశ్వరరావుగారు దర్శకులు. రామారావుగారి బృహన్నలను, సావిత్రిగారి సైరంధ్రిని, 1964లో జకార్తా చలనచిత్రోత్సవమున ఉత్తమనటుడని కీర్తిగొన్న రంగారావుగారి కీచకుని మనము మఱువలేము. కాని జీమూతమల్లునితో భీముని కుస్తీ రాగానే లేచిపోయిన పాపము నాదిగూడ. అందు భీముడు బరువులెత్తుటలో పేరుగన్న దండమూడి రాజగోపాలరావుగారు. బెజవాడలో వారి పేరిట క్రీడామందిరము కలదు. జీమూతుడు మన నెల్లూరి మల్లుడు కాంతారావుగారు. ఇరువురును నిజముగా దేహసాధన చేసినవారు గనుక వారి పట్టులలో బరువు కనబడును.

విరాటపర్వముతోనే మన నెల్లూరి తిక్కన సోమయాజి పదమూడవ శతాబ్దమున భారతరచన కుపక్రమించెనని మీరెఱుగుదురు. ఆ పర్వపు కథలో భీముడు వంటవాడు. గరిటె పట్టిన చేయి మల్లునితో పోరవలసివచ్చినది. ఓడరాదు, రాజాజ్ఞ. తానెవరో బయటపడరాదు, అజ్ఞాతవాసము. అన్నదమ్ముల యొక యేటి తపస్సు ఆతని పిడికిటిలో నున్నది. పోరునకు రుచి దెబ్బలవలన రాదు, ఇట్టి చిక్కువలన వచ్చును. మఱియొకటి. జీమూతుడు మొదట అజేయుడుగా కనబడినగాని భీముని గెలుపునకు విలువలేదు. ఆ పని కాంతారావుగారిది. తాను మల్లుడైయుండి, అందఱి యెదుట అందముగా పడిపోవుట సామాన్యమా?

పడువారిని లోకము చాలకాలము గుర్తింపలేదు. పోరులు కూర్చువారికి జాతీయ చలనచిత్ర పురస్కారములలో ప్రత్యేక బహుమానము 2016వ సంవత్సరపు చిత్రములనుండి మాత్రమే మొదలైనది. 2021వ సంవత్సరమునకు "ఆర్.ఆర్.ఆర్." అను తెలుగు చిత్రమునకుగాను కింగ్ సాలమన్ గారికది లభించినది. నాయకునికి మాఱుగా ఎత్తునుండి దుమికి, ఎముకలు విఱుగగొట్టుకొను వారి పేర్లు మాత్రము మనలో నెందఱకు తెలియును?

ఆదివారమునాడు వదినగారి యనుమతితో పిల్లలిద్దఱను మా పెరటి యిసుకలో నిలిపితిని. నియమమొక్కటే: చిన్నవాడు కొట్టును, పెద్దవాడు పడవలెను, కొట్టు చేయి మేనికి తగులరాదు. మావాడు మొదట ముందుగానే పడినాడు, చిన్నవాడు గేలిచేసినాడు. రెండవమాఱు ఆలస్యముగా పడి నోటినిండ ఇసుక నింపుకొన్నాడు. మూడవమాఱు చిన్నవాని కన్నులను, భుజమును కనిపెట్టి సరిగా పడినాడు. చిన్నవాడు కేరింతలు కొట్టినాడు. గోడకావల వదినగారి నవ్వు వినబడినది.

లేచి ఇసుక దులుపుకొనుచు మావాడు, "వానికి చెప్పకుండ తన్నితిని గదమ్మా! వాడెట్లు తప్పుకొనును?" అనినాడు. నేనేమియు అనలేదు. వాడే పోయి చిన్నవాని పెదవి చూచి, ఇంకను నొప్పియున్నదా యని యడిగినాడు.

కావున సోదరీమణులారా, ఈసారి మీ యింట టీవీలో పోరు మొదలైనప్పుడు పొయ్యి కట్టివేసి బిడ్డలయొద్ద కూర్చుండుడు. కొట్టువానిని వారు చూతురు. పడువానిని మీరు చూపుడు. వచ్చు మాసమున, తప్పక, మాగాయ సంగతి వ్రాసెదను.