నోరు కట్టుకోవడమా? నోరు విప్పడమా?



అతిగా తినేవాడికి మన పెద్దలిచ్చే సలహా ఒక్కటే: "నోరు కట్టుకో." ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. ఈ పలుకుబడి మీద నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. అది తిండితో పాటు మాటనూ కట్టేస్తుంది.

భద్రాచలం మన్యం అంచున ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేసే రోజుల్లో, ఒక పిల్లవాడు రాత్రివేళ వంటశాలలో చల్లారిన అన్నం తింటూ దొరికాడు. మరునాడు బకాసురవధ పాఠం. "అడుగో, మన బకాసురుడు" అన్నాను. తరగతంతా నవ్వింది. వాడూ నవ్వాడు. ఆ తరువాత పంక్తిలో వాడు మారు అన్నం అడగలేదు. ఆకలో, దిగులో, నేనూ అడగలేదు.

ఇరవయ్యేళ్ళకు ఆ వంటశాల ఖమ్మంలోని నా ఇంటికే వచ్చింది. నా భార్య పోయాక, రాత్రి భోజనం చేసి పడుకున్న గంటకే లేచేవాణ్ణి. ఆకలి లేదు. దీపం వేయకుండా అరిసెలు, కారప్పూస, చివరికి పెరుగన్నం గిన్నె అడుగుదాకా తినేవాణ్ణి. తెల్లవారుజామున డబ్బాలు కడిగి బోర్లించేవాణ్ణి, పనిమనిషి కంట పడకూడదని. ప్రాయశ్చిత్తంగా ఏకాదశి ఉపవాసం. ద్వాదశి రాత్రి మళ్ళీ అదే కథ.

దీనిని జిహ్వచాపల్యం అంటారు. నాలుక చపలమైతే దానికి రుచైనా తెలియాలి గదా! ఆ వేళ నాకు రుచే తెలియదు.

అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన తమ రోగనిర్ణయ గ్రంథంలో దీనిని 'బింజ్ ఈటింగ్ డిజార్డర్' పేరుతో ప్రత్యేక వ్యాధిగా చేర్చింది. కొద్దిసేపట్లో మితిమీరి తినడం, ఆపుకోలేకపోవడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తిన్నాక తనమీద తనకే ఏవగింపు కలగడం, ఇదంతా సగటున వారానికి ఒకసారైనా మూడు నెలలపాటు సాగడం దీని లక్షణాలు. ఒళ్ళు లావుగానే ఉండాలన్న నియమం లేదు. కఠినమైన ఉపవాసం చాలామందిలో దీనిని రెచ్చగొడుతుంది. కనుక "నోరు కట్టుకో" అన్నది మందు కాదు, మంటలో ఆజ్యం.

ఆజ్యమంటే ఆదిపర్వం గుర్తుకొస్తుంది. శ్వేతకి యజ్ఞంలో ఏళ్ళతరబడి నెయ్యి తాగి అగ్నిదేవుడు రోగి అయ్యాడు. ఏం చేశాడు? బ్రహ్మ దగ్గరకు వెళ్ళి చెప్పుకున్నాడు. (మందుగా ఖాండవవనాన్ని దహించడాన్ని అడవి అంచున బ్రతికిన నేను మెచ్చలేను; అది వేరే చర్చ.) సర్వభక్షకుడికే లేని సిగ్గు మనకెందుకు?

"ఇది కడుపు నిండినవాళ్ళ జబ్బు" అని కొట్టిపారేసేవారున్నారు. కాదు. రేపు దొరుకుతుందో లేదోనన్న భయం కూడా ఈ రోజు మితిమీరి తినిపిస్తుంది. ఆ పిల్లవాడి విషయం ఇప్పుడు అలాగే తోస్తున్నది.

నేను మొదట మా చెల్లెలికి చెప్పాను. తరువాత మానసిక వైద్యుణ్ణి కలిశాను. ఆయన ఉపవాసాలు మాన్పించి, వేళకు మూడు పూటలా తినమన్నాడు. రాత్రి లేచినప్పుడు మనసులో ఏముందో పుస్తకంలో వ్రాయమన్నాడు. వైద్యుడి దాకా వెళ్ళలేనివారికి 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ ఉంది: 14416. ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఇదే బాధ పడేవారు ఒకచోట కూర్చుని ఒకరికొకరు చెప్పుకునే 'ఓవర్ ఈటర్స్ అనానిమస్' 1960లోనే లాస్ ఏంజిలస్‌లో మొదలైంది.

నాకు పూర్తిగా నయం కాలేదు. పోయిన నెలలో రెండు రాత్రులు ఓడిపోయాను. రెండుసార్లూ తెల్లవారగానే చెల్లెలికి ఫోను చేశాను. డబ్బాలు మాత్రం కడగలేదు.

మీ ఇంట్లో, మీ బడిలో అలాంటివారు కనబడితే బకాసురుణ్ణి తలచుకోకండి. "ఏమయిందిరా?" అని అడగండి. నేను అడగవలసింది అదే.